మూడో గొట్టం

640వ రోజు. తొట్టి మట్టం: 11 గీతలు.

ఓడ తిరిగి భూమికి వెళ్ళి ఇవాళ్టికి ఆరువందల నలభై రోజులు. మళ్ళీ రావడానికి ఇంకా నూట నలభై ఉన్నాయి. పొద్దున లేవగానే ఊరి నీళ్ళ తొట్టి గాజుపట్టీ మీద మట్టం చూశాను. నిన్నటికంటే వెంట్రుకవాసి తగ్గింది. గోడమీది పలకలో మాత్రం ‘బాగుంది’ అనే నొక్కాను. ఆ పలకకు ఉన్నవి రెండే మీటలు. ‘బాగాలేదు’ నొక్కితే సైరన్ మోగుతుంది, ఊళ్ళో ఉన్న రెండువందల పన్నెండు మందీ వచ్చి నా నెత్తిన కూర్చుంటారు. అందుకే అసలు సంగతి ఈ కాగితాల మీద రాసుకుంటున్నాను. ఇవి నీళ్ళు శుద్ధి చేసే మర జల్లెడలకు చుట్టి వచ్చే కాగితాలు, వెనకవైపు శుభ్రంగానే ఉంటాయి.

తర్వాత మొదటి గ్లాసు తాగాను. నీళ్ళమనిషి ముందు తను తాగాలి, నూరు లెక్కపెట్టాలి, కడుపు పట్టుకుని పడిపోకపోతే అప్పుడు వాల్వు తిప్పి ఊరికి వదలాలి. ఎనిమిదేళ్ళుగా లెక్కపెడుతున్నాను. తొంభై దాటాక ఎప్పుడూ ఆవులింతలే వస్తాయి.

మా కొత్తపెన్నలో నీళ్ళంటే తిరుగుడు నీళ్ళే. మంచుగనిలో తొలిచే యంత్రం 590వ రోజున విరిగింది, దాని ముక్క ఓడలో రావాలి. అప్పటిదాకా ఉన్నవాటినే తిప్పి తిప్పి తాగాలి. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, చెమట, ఉచ్చ, అన్నీ రెండో గొట్టంలో మరకు పోతాయి, మంచినీళ్ళై మొదటి గొట్టంలో తిరిగొస్తాయి. పక్కింటివాడి ఉచ్చ తాగుతున్నామని ఇక్కడ ఎవరికీ రోత లేదు. పసిపిల్లలకు కూడా తెలుసు, నవ్వుకుంటూ తాగుతారు.

మూడో గొట్టం సంగతి వేరు. అది నాలుగో సొరంగం కొసన ఉన్న చివరి గదిలో మొదలవుతుంది, మర వైపే పోకుండా నేరుగా బయట పడుతుంది. ముట్టైన ఆడవాళ్ళు ఐదు రోజులు ఆ గదిలో ఉంటారు. వాళ్ళు ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు, గుడ్డలుతుక్కున్న నీళ్ళు, చివరికి గ్లాసులో మిగిల్చిన గుక్కెడు కూడా బయటే పారబోస్తాం. ఆ గది వెచ్చగా ఉండటానికి గోడలో సన్నగా తిప్పే వేడినీళ్ళు కూడా అంతే. ఆ గోడను తాకాయి కదా, ఇంక తొట్టిలోకి రాకూడదు.

లెక్క పెద్ద కష్టమేం కాదు. మనం పోగొట్టుకునే నీళ్ళలో సగానికి పైగా ఆ గొట్టంలోనే పోతున్నాయి. దాన్ని రెండో గొట్టానికి కలిపితే ఓడ వచ్చేదాకా హాయిగా గడుస్తుంది. కలపకపోతే, అడుగు రెండు గీతల నీళ్ళు గొట్టానికి అందవు కాబట్టి, ఓడకు మూడు వారాల ముందే నీళ్ళు ఆగిపోతాయి. ఈ మాట సభలో చెప్పాలి.

653వ రోజు. మట్టం: 10.

చెప్పాను.

భోజనాల చావడిలో అందరూ ఉన్నారు. పెద్దాయన బసప్ప ఎప్పటిలాగే ఎడమకాలు బల్లమీద చాచుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు సొరంగం పెళ్ళ విరిగిపడి ఆ కాలు ఈడుస్తాడు. నేను గొంతు సవరించుకుని అన్నాను: “మూడో గొట్టాన్ని రెండోదానికి కలిపేద్దామబ్బా. మూరెడు గొట్టం, రెండు బిగింపులు సాలు. ఒగ పూట పని. ఓడొచ్చేదాంక దిగులుండదు.”

అందరూ బసప్ప వైపు తిరిగారు.

“పాపమ్మా, వయసొచ్చింది గానీ నీకు బుద్ధి రాల్యా” అన్నాడు బసప్ప. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. “ఆ తొమ్మిదిమంది పిల్లల్లో మా చెల్లెలుండాది. ఆరేండ్ల పిల్ల. నీళ్ళు తాగి, వాంతులై, నా ఒళ్ళోనే పోయింది.”

నలభై ఏళ్ళ కిందటి మాట అది. అప్పుడు ఇక్కడ మూడో గొట్టం లేదు, చివరి గది లేదు. నీళ్ళు పాడై తొమ్మిదిమంది పిల్లలు పోయారు. మరలో జల్లెడ చిరిగిందని తెలిసింది. ఆ జల్లెడ ఇప్పటికీ నా గదిలో మేకుకు వేలాడుతోంది, పిడికిలి పట్టేంత చిరుగు. ఇవాళ దాన్ని చావడికి తీసుకెళ్ళాను.

“ఇదో సూడు బసప్పా. ఇది చిరిగి పోయినారు పిల్లలు. ముట్టు నీళ్ళకు కాదు.”

“ఏంటికి చిరిగిందో అది చెప్పు ముందు” అన్నాడు. అంతే, తలలన్నీ ఊగాయి. మైల తగిలి చిరిగిందట. ఇనుప తీగల జల్లెడ.

ఆడవాళ్ళలో ఒకరైనా లేస్తారేమోనని చూశాను. లేచింది నా కూతురు కుముద. “మాయమ్మ మాట పట్టించుకోగాకండి. ఒంటిగా ఉండి ఉండి ఏందేందో మాట్లాడ్తాది” అంది. కొందరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. జల్లెడ చంకన పెట్టుకుని వచ్చేశాను.

చివరికి సభ తేల్చింది ఇది: చివరి గదికి నీళ్ళు సగం చేయాలి. మట్టం తొమ్మిదికి దిగితే గోడలో తిరిగే వేడినీళ్ళు కూడా కట్టేయాలి. మళ్ళీ పదికి ఎక్కితే వదులుతామని బసప్ప అందరి ముందూ మాటిచ్చాడట. గని లేకుండా మట్టం ఎక్కడం ఎక్కడైనా ఉందా?

656వ రోజు. మట్టం: 10కి కొంచెం కింద.

ఈ కాగితాలు నేను తప్ప ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నాకు ఇవాళ ముట్టైంది.

నీళ్ళమనిషిగా ముట్లుడిగిన ఆడదే ఉండాలని ఇక్కడి కట్టు. మురికి నీళ్ళతో పని కాబట్టి మగవాళ్ళు చేయరు, మంచినీళ్ళతో పని కాబట్టి మామూలు ఆడవాళ్ళను చేయనివ్వరు. నలభై రెండేళ్ళప్పుడు నా మొగుడు పోయాడు, అదే నెల పాత నీళ్ళమనిషి పోయింది. నాకు మర అంటే ఇష్టం. నెలకు ఐదు రోజులు ఆ గదిలో పడి ఉండటమంటే పరమ అసహ్యం. “నాకు ఆగిపోయింది” అని చెప్పాను. ఎవరు చూడొచ్చారు? వాల్వు తాళంచెవి తెచ్చి నా మెడలో వేశారు.

ఆగలేదు. ఎనిమిదేళ్ళు. నా గుడ్డలు నా గదిలోనే ఉతుక్కున్నాను, ఆ నీళ్ళు రెండో గొట్టంలో మరకు పోయాయి, మంచినీళ్ళై వచ్చాయి, ఊరంతా తాగింది. బసప్ప తాగాడు, కుముద తాగింది, ఎనిమిదేళ్ళలో పుట్టిన పిల్లలందరూ ఆ నీళ్ళతోనే పెరిగారు. ఒక్కరికి కడుపునొప్పి లేదు.

మొదటి నెల మాత్రం నాకు భయం వేసింది. అబద్ధమెందుకు? ఆ పొద్దున నూరు కాదు, వెయ్యి లెక్కపెట్టాను.

666వ రోజు. మట్టం: 9.

నా మనవరాలు చిత్ర పెద్దమనిషైంది. పదమూడేళ్ళు. ఇక్కడ పుట్టే ఆడపిల్లలకు భూమ్మీద ఎక్కడో పారే నదుల పేర్లు పెడతారు. దాని పూర్తి పేరు చిత్రావతి, నాది పాపఘ్ని, వాళ్ళమ్మది కుముద్వతి. మా ముగ్గురిలో ఎవరమూ పారే నీటిని చూసినవాళ్ళం కాదు.

పిల్ల నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది ముందు. మొహం కందిపోయింది. “అవ్వా, నాకు బయటైంది. అమ్మకు చెప్పగాకు” అంది. దాని చేతులు పట్టుకున్నాను. చెప్పకుండా ఉంటే బాగుండునని నాకూ అనిపించింది, నా గదిలోనే దాచేసుకుందామనిపించింది. ఇంతలో గౌను వెనక మరక చూసి సొరంగంలో పిల్లలెవరో కేక పెట్టారు.

తొలిసారి పిల్లకు ఐదు కాదు, పదకొండు రోజులు. గోడనీళ్ళు కట్టేసినా పెద్ద ఆడవాళ్ళు బయటి గదిలో పదిమంది ఒకరినొకరు ఆనుకుని ఎలాగో వెళ్ళదీస్తారు. తొలిసారి పిల్ల ఎవరినీ తాకకూడదు. దానికి లోపల ఒంటరి అర ఉంది. ఇనుప తలుపు, దానికి రోజులు లెక్కపెట్టే గడియారం, అన్నం పెట్టడానికి జానెడు కంత. పదకొండు నిండితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మధ్యలో తెరవాలంటే బసప్ప మొలలో ఉండే తాళంచెవే దిక్కు.

మట్టం తొమ్మిదికి దిగింది, గోడనీళ్ళు కట్టేయాలి. నా చేత్తో కట్టలేనని చెప్పాను. ఏవో సాకులు చెప్పి ఇవాళ్టికి ఆపాను.

669వ రోజు. మట్టం: 9.

మూడు రోజులు సాకులతో నెట్టుకొచ్చాను, ఇవాళ బసప్ప తోడుండి కట్టించాడు. వాల్వు నేనే తిప్పాను. నా చెయ్యే.

మధ్యాహ్నం నీళ్ళ సంచీ వేడి చేసుకుని ఒళ్ళో దాచుకుని కంత దగ్గరికి వెళ్ళాను. చిత్ర సంచీని కడుపుకు హత్తుకుంది. గోడలు అప్పుడే చల్లబడ్డాయి.

“అవ్వా, మర ఉచ్చను నీళ్ళు చేస్తాది గదా. దీన్ని చెయ్యల్యాదా?”

“చేస్తాది.”

“మల్ల?”

దానికి ఇచ్చే జవాబు నా దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉంది. సంచీ గట్టిగా పట్టుకోమని మాత్రం అన్నాను. బయటి గదిలో ఆడవాళ్ళు వింటున్నారు.

ఆ అరకు చిన్న గాజు కన్ను ఉంది. అందులోంచి బయట మూడో గొట్టం మూతి కనిపిస్తుంది, దాని కింద ఎర్రదిబ్బ. నలభై ఏళ్ళుగా అక్కడ పడ్డదంతా గడ్డకట్టి, దుమ్ము పట్టి, మా చావడి కంటే ఎత్తుగా పెరిగింది. కొండ నీడలో ఉంటుంది కాబట్టి కరిగేది లేదు, ఆవిరయ్యేది లేదు. చిత్ర దాన్నే చూస్తూ కూర్చుంటోందట, చూడ్డానికి ఇంకేం లేదు కాబట్టి.

“అవ్వా, ఆ దిబ్బంతా నీళ్ళే గదా?” అంది.

వారానికోసారి నేను పైతొడుగు వేసుకుని బయటికి వెళ్ళి, గొట్టం మూతికి అడ్డం కట్టిన మంచును సమ్మెటతో కొట్టి బండిలో వేసి పక్కన పారబోస్తాను. ఎనిమిదేళ్ళుగా. అవి నీళ్ళని ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. ముట్టునీళ్ళు ఊరికి తాగించినదాన్ని, ఎవరి కట్టునూ నమ్మనని లోలోపల మిడిసిపడేదాన్ని. ఆ దిబ్బను చూసినప్పుడు నేనూ మొహం పక్కకే తిప్పుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల నాలుగు రోజుల్లో చూసింది.

మట్టం పదికెక్కితే గోడనీళ్ళు వదులుతామన్నాడు కదా బసప్ప. ఎక్కిస్తాను.

672వ రోజు. మట్టం: 10.

మూడు రోజులుగా రోజుకు రెండు బండ్లు. గొట్టం మూతి బాగా పూడిపోయిందని చెప్పాను, ఎవరూ అనుమానపడలేదు. ఆ దిబ్బ పేరెత్తితేనే అందరూ చూపు తిప్పుకుంటారు, అది నాకు కలిసొచ్చింది. దిబ్బ కింద భాగం పాత మంచు, రాయిలా ఉంది. కొట్టి కొట్టి భుజం పడిపోయింది. తెచ్చి మర నోట్లో వేస్తే గరగరమని నమిలింది. వచ్చిన నీళ్ళు ఎప్పటి నీళ్ళలాగే ఉన్నాయి. మొదటి గ్లాసు తాగి నూరు లెక్కపెట్టాను.

ఇవాళ పొద్దున మట్టం సరిగ్గా పది గీత మీద నిలబడింది. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అంత సంతోషపడలేదు. బసప్ప దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

ఆయన వచ్చి గాజుపట్టీ చూశాడు. రెండుసార్లు తుడిచి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందర్నీ చావడికి పిలిపించాడు.

“సూసినారా? ఆ గది గోడకు నీళ్ళాపినాం, మూడు దినాలు తిరక్కముందే మట్టం పెరిగింది. ఇన్నాళ్ళూ మనల్ని తింటాండింది ఆ గదే” అన్నాడు.

చావడిలో చప్పట్లు. ముసలివాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు.

“ఆపితే తగ్గేది ఆగుతాది బసప్పా. పెరిగేది యాడిది?” అని అరిచాను. “మాటిచ్చినావు. పదికొస్తే వదుల్తానంటివి.”

“ఆపితేనే పెరిగింది. వదిలితే మల్ల పోతాది. ఇంగ ఓడొచ్చేదాంక వదిలేదిల్యా” అన్నాడు. ఎంతో దయగా నా భుజం తట్టబోయి, నేను దిబ్బ దగ్గర తిరిగినదాన్నని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నేను మోసిన మంచు నా మనవరాలి మీదే పడింది. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మధ్యాహ్నం కంత దగ్గరికి వెళ్తే చిత్ర లేచి రాలేదు. మూలన ముడుచుకుని దగ్గుతోంది. చెయ్యి చాపమంటే చాపింది. కాలిపోతోంది. మందులమ్మను పిలిచాను. తొలిసారి పిల్లను పదకొండు నిండకుండా ముట్టనంది, మాత్రలు రెండు కంత అంచున పెట్టి వెళ్ళింది. కుముదను పిలిచాను. “ఇంగ నాలుగు దినాలే గదమ్మా. మేమంతా ఉండల్యా?” అంది. దాని మొహం కూడా పాలిపోయింది. భయపడుతోంది, అయినా ఆ మాటే అంది. దాన్ని పెంచింది నేనే.

673వ రోజు. మట్టం: తెలియదు.

ఇది లోపలి అరలో కూర్చుని రాస్తున్నాను. కాగితాలు రవికలో ఉన్నాయి కాబట్టి మిగిలాయి.

పొద్దున అందరూ చావడిలో నీళ్ళు తాగి గ్లాసులు దించేదాకా ఆగాను. అప్పుడు లేచి చెప్పాను. మట్టం ఎందుకు పెరిగిందో చెప్పాను.

“ఇప్పుడు మీ కడుపులో ఉండేది ఎర్రదిబ్బ నీళ్ళు. నిన్న తాగినవీ అవే. ఎవురికన్నా ఏమన్నా అయిందా?”

నలుగురైదుగురు గొంతులో వేళ్ళు పెట్టుకున్నారు. ఒకామె బిడ్డను తలకిందులు చేసి వీపు మీద చరిచింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

“ఇంగొకటి. నాకు ముట్లు ఆగల్యా. ఎనిమిదేండ్లుగా ముట్టుతోనే మీకు నీళ్ళిస్తాండా. మీ పిల్లోళ్ళు నా చేతినీళ్ళు తాగే పెరిగినారు. ఒక్కరన్నా పోయినారా? చెప్పండి. ఇంగ ఆ పిల్లను బయటికి తెండి.”

అంతా అర్థమవుతుందనుకున్నాను. ఇంత సాక్ష్యం, రెండువందల మంది ఒళ్ళే సాక్ష్యం. ఒక్క క్షణం నిజంగానే అలా అనుకున్నాను.

బసప్ప పట్టకారు తెప్పించాడు. నా ఒంటికి తగలకుండా దాంతో మెడలోని తాళంచెవి తెంపించాడు. అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. ముందు వాల్వు కట్టేసి, తాళంచెవి ఎక్కడన్నా దాచి, ఆ తర్వాత మాట్లాడాల్సింది. తలుపు తీస్తేనే నీళ్ళు అనాల్సింది. ఇన్నేళ్ళు గొట్టాలతో బతికినదానికి ఆ మాత్రం తట్టలేదు. నిజం చెబితే చాలనుకున్నాను.

“తొట్టంతా పారబోయండి!” అని ఎవరో అరిచారు. ఎవరూ కదల్లేదు. పారబోస్తే రేపటికి గుక్కెడు లేదని అందరికీ తెలుసు. చివరికి బసప్ప తేల్చాడు: “మరలో మూడు మార్లు తిప్పితే శుద్ధయితాది.”

“మూడు మార్లు తిప్పితే శుద్ధయ్యేదైతే మూడో గొట్టమేంటికి?” అన్నాను.

“అది వేరే” అన్నాడు.

నన్ను ఓడ వచ్చేదాకా లోపలి అరలో ఉంచమన్నారు. ఆ విధంగా బసప్ప తాళంచెవితో ఆ తలుపు తెరుచుకుంది, నన్ను లోపలికి తోయడానికి. ఆ సందులో చిత్రను బయటికి నెట్టబోయాను. లేపబోతే దానికి నిలబడే ఓపిక లేదు. గుమ్మంలో కుముద ఉంది. దాని రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, పిల్లను అందుకోవడానికి చాచాయో వద్దని అడ్డం చాచాయో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు మూశారు.

చలికి గోడలు ముట్టుకుంటే చేయి అంటుకుంటోంది. పిల్లను నా ఒంటికి చుట్టుకుని కూర్చున్నాను.

675వ రోజు.

కంతలోంచి పెట్టే గ్లాసును చంకలో పెట్టుకుని వెచ్చచేసి దానికి పడుతున్నాను. మిగిలిన నీళ్ళతో గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తున్నాను. పొద్దున కాస్త తెలివిగా ఉంది.

“అవ్వా, నిజంగానే ఎనిమిదేండ్లా?” అంది.

“నిజంగానే.”

“అందరూ తాగినారా?”

“అందరూ.”

నవ్వింది. దగ్గుతూనే నవ్వింది. “బసప్ప తాత కూడా” అంది, మళ్ళీ నవ్వింది. తర్వాత, తను పెద్దయ్యాక నీళ్ళమనిషి అవుతానంది. అవుతావులే అన్నాను. కాసేపటికి మళ్ళీ కళ్ళు తేలేసింది. అరిచి అరిచి తలుపు బాదాను. బయటి గది ఆడవాళ్ళు ఏడుస్తున్నట్టు వినిపించింది, బసప్పను పిలుస్తామన్నారు, పిలిచారు కూడా. ఒక్క రోజే కదా మిగిలింది అని కబురొచ్చింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె కంతలో పెట్టే వేళకు చిత్ర నా ఒళ్ళో పోయింది.

676వ రోజు.

గడియారం పదకొండు నిండిందని గంట కొట్టింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. పిల్లను తీసుకెళ్ళారు. నన్ను లోపలే ఉంచి మళ్ళీ మూశారు. నేను పోట్లాడలేదు. ఒంట్లో ఏమీ మిగల్లేదు.

సాయంత్రానికి గోడ వెచ్చబడింది. చావు జరిగిన గది చల్లగా ఉండకూడదని ఎవరో అన్నారట. ఆ గోడకు వీపు ఆనించి ఏడ్చాను.

687వ రోజు.

బయటి గదిలోకి కుముద వచ్చింది. దాని ఐదు రోజులు. ఇవాళే మొదలు. సాయంత్రం కంతకు అవతల వచ్చి కూర్చుంది. మొహం కనిపించదు, మోకాలు కనిపిస్తుంది.

“చిత్ర ఏమన్నా అడిగిందా?” అంది.

“నీళ్ళడిగింది.”

“ఇచ్చినావా?”

“ఇచ్చినా. నా చంకలో ఎచ్చబెట్టి ఇచ్చినా.”

మోకాలు దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా అంది. “నువ్వు మైలతో నీళ్ళు ముట్టినావు. అది నా బిడ్డకు తగిలింది. ఊరంతా అదే అంటాండారు.”

“నువ్వేమంటావు?”

మోకాలు కదిలింది. లేచి వెళ్ళిపోయింది. నాకు దాని మీద కోపం రావాలి. రాలేదు. అది అలా నమ్మకపోతే ఏమవుతుందో ఆలోచించాను. పిల్లను గోడ చంపిందని ఒప్పుకోవాలి, ఇంగ నాలుగు దినాలేనన్న తన మాట గుర్తు చేసుకోవాలి. అది తట్టుకోలేదు. నా మీద వేసుకుంటే బతుకుతుంది. వేసుకోనీ.

అయినా రాస్తున్నాను. ఓడలో వచ్చేవాళ్ళలో తెలుగు చదివేవాళ్ళుంటే చదువుకుంటారు. పిల్ల పేరు చిత్రావతి. దానికి ఏ జబ్బూ లేదు.

691వ రోజు.

పొద్దున గాజు కన్నులోంచి చూస్తే ఎర్రదిబ్బ దగ్గర ఇద్దరున్నారు, పైతొడుగులు వేసుకుని. పక్కన నా బండి. ఒకరు కొత్త నీళ్ళమనిషి అయ్యుండాలి, సమ్మెట పట్టడం కూడా రాదు. రెండోవాడు ఎడమకాలు ఈడుస్తున్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. గొట్టం మూతి పూడిందేమో, తీస్తున్నారేమో అనుకున్నాను. మూతి దగ్గరికి వెళ్ళనే లేదు వాళ్ళు. దిబ్బనే కొడుతున్నారు. కొట్టిన పెళ్ళల్ని ఏరి జాగ్రత్తగా బండిలో పేర్చుకుంటున్నారు, చిన్న ముక్క కింద పడితే బసప్ప వంగి తీశాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పి ఉండరు. మట్టం పెరిగితే దానికి ఏదో ఒక కారణం చావడిలో దొరుకుతుంది. ఆ పక్కనే మూడో గొట్టం కారుతూనే ఉంది.

కన్ను మీద అరచేత్తో బాదాను. వినపడదని తెలుసు. బసప్ప ఒక్కసారి ఇటు తిరిగాడు. చూశాడో లేదో, తల వంచుకుని మళ్ళీ సమ్మెట ఎత్తాడు.

నేనైతే దిబ్బ కింద భాగం కొట్టేదాన్ని, పాత మంచు. వాళ్ళకు అది గట్టిగా తగిలినట్టుంది, పైపొర గీకుతున్నారు. పైపొర ఈ మధ్య పడింది. కుముద ఈ ఐదు రోజులూ కడుక్కున్న నీళ్ళు అందులో ఉన్నాయి, నావి ఉన్నాయి. చిత్ర గౌను ఉతుక్కున్న నీళ్ళున్నాయి, దాని నుదుటి మీద వేసి నేను పిండిన గుడ్డ నీళ్ళున్నాయి. బండి నిండింది. ఇద్దరూ తోసుకుంటూ వెళ్ళిపోయారు.

రేపు పొద్దున ఆ కొత్తామె మొదటి గ్లాసు తాగి నూరు లెక్కపెడుతుంది. ఏమీ కాదు. వాల్వు తిప్పుతుంది. ఇవాళ్టితో కుముదకు ఐదు రోజులు నిండుతాయి, రేపు చావడికి వెళ్ళి అందరితో కలిసి అదీ తాగుతుంది.